రోడ్డు వైపు రంగు

త్రినాథరావు ముప్పై ఏళ్ళలో ఎన్ని రాజభవనాలు కట్టాడో, ఎన్ని గుళ్ళు, జైళ్ళు, కోర్టులు కట్టాడో అతనికే గుర్తు లేదు. వాటిలో ఒక్కటీ ఇప్పుడు లేదు. సినిమా సెట్టు మరి! షూటింగ్ అయిపోయి గుమ్మడికాయ కొట్టిన మర్నాడే నలుగురు సుత్తులు పట్టుకుని దిగుతారు. నెల్లాళ్ళు కట్టిన గుడి మధ్యాహ్నం భోజనాల వేళకి కట్టెల పోగు. అందుకతను ఏనాడూ బాధపడలేదు. కట్టమన్నారు, కట్టాడు, కూలి ఇచ్చారు, అంతే. అతను బాధపడ్డది ఒక్క పడవకి.

అతనిది కాకినాడ దగ్గర తాళ్ళరేవు. తండ్రి, తాత పడవలు కట్టిన వడ్రంగులు. అతను కూడా పదిహేనో ఏట నుంచీ ఉలి పట్టినవాడే. ఆ పని సన్నగిల్లాక, సినిమావాళ్ళు మద్రాసు వదిలి హైదరాబాదు చేరుతున్న రోజుల్లో కృష్ణానగర్‌లో ఒక గది తీసుకుని సెట్ వర్కులో చేరాడు. మొదటి రోజే మేస్త్రీ నేర్పిన పాఠం ఒక్కటే: కెమెరాకి కనపడే వైపు ముందు పూర్తి చెయ్యి, వెనక ఏముందో దేవుడు కూడా చూడడు. పడవల వడ్రంగికి ఇది తలకిందుల చదువు. పడవకి కనపడని చోటే ప్రాణం. అయినా నేర్చుకున్నాడు, తిండి పెట్టే చదువు కదా. ముప్పై ఏళ్ళకి అది చేతుల్లోకి ఇంకిపోయింది.

యాభై ఎనిమిదో ఏట దగ్గు పట్టుకుంది. ప్లైవుడ్ పొడి, స్ప్రే రంగులు, థర్మకోల్ కాల్చిన పొగ, ఇన్నేళ్ళుగా పీల్చిందంతా ఊపిరితిత్తుల్లో పేరుకుందన్నాడు డాక్టరు. ఈ పని మానకపోతే రెండేళ్ళలో ముక్కుకి గొట్టం పెట్టుకుని కూర్చుంటావన్నాడు. మానేస్తే ఏం తినాలో మాత్రం చెప్పలేదు. ఆయనదేం పోయింది!

అప్పుడే అతని కళ్ళు ఆ పడవ మీద పడ్డాయి. ఫిలింనగర్‌లో బండల మధ్య ఏటవాలుగా వెంకటరామయ్యగారి గోడౌను ఉంది. సింహాసనాలు, పల్లకీలు, ఫైబర్ విగ్రహాలు సినిమాలకి అద్దెకిస్తాడాయన. గోడౌను వెనక, రోడ్డుకి కాస్త ఎత్తులో, పద్దెనిమిది అడుగుల మోటారు పడవ ఒకటి పడి ఉండేది. ఏదో సినిమాలో హీరో దిగడానికి తెప్పించారట. ఆ ఒక్క షాటూ అయ్యాక దాన్ని అడిగిన దిక్కు లేదు. వానకి నిండేది, ఎండకి పగిలేది. దాంట్లో కుక్క మూడు ఈతలు ఈనింది. త్రినాథరావు ఓరోజు దాని అడుగు తట్టి చూశాడు. పైన చెక్కలు పుచ్చిపోయినా వెన్నుకర్ర, పక్కటెముకలు అసలైన టేకు. మోగిన తీరుకి ఒళ్ళు జలదరించింది.

వెంకటరామయ్యగారిని అడిగితే ఆయన నవ్వాడు. "బాగుచేసుకోవయ్యా, నడిస్తే నీదే అనుకో. ఆ మూల ఖాళీ అయితే నాకు అంతే చాలు. ఆదివారాలు నా సామాను మరమ్మతులు కూడా చూసిపెట్టు," అన్నాడు. కాగితం లేదు, సాక్షి లేడు. ఈ పరిశ్రమలో కోట్ల సినిమాలే మాట మీద మొదలవుతాయి. త్రినాథరావు ఆ మాటని గుండెల్లో పెట్టుకుని ఇంటికెళ్ళాడు.

భార్య సత్యలక్ష్మికి చెప్పాడు. తాళ్ళరేవు పక్కన మడ అడవులు చూడటానికి జనం వస్తున్నారు. సొంత పడవ ఉంటే రోజుకి రెండు సార్లు తిప్పినా ఇద్దరికీ గడిచిపోతుంది. అక్కడ పొడి ఉండదు, పొగ ఉండదు. ఆమె కాస్ట్యూముల దుకాణంలో గుండీలు కుట్టే మనిషి, ఆశలు తక్కువ. "ఊపిరాడితే చాలు, ఏదో ఒకటి చెయ్యండి," అంది.

పధ్నాలుగు నెలల ఆదివారాలు దానికే పోశాడు. చేతిలో డబ్బు లేదు కనక కళ్ళే పెట్టుబడి. జూబ్లీహిల్స్‌లో పాత బంగళా ఎక్కడ పడగొడుతున్నారంటే అక్కడికి పరిగెత్తి, కూలివాళ్ళకి బిర్యానీ పొట్లాలు కొనిపెట్టి టేకు ద్వారబంధాలు తెచ్చుకున్నాడు. సెట్టుల్లో మిగిలిన ఇత్తడి మరలు ఏరుకున్నాడు. దుకాణంలో కత్తిరించి పారేసే నూలు పీలికల్ని సత్యలక్ష్మి ఇంటికి తెచ్చి, సాయంత్రాలు గుమ్మంలో కూర్చుని తొడమీద తాళ్ళుగా పేనేది. గుగ్గిలం, నూనె కాచి ఆ తాళ్ళకి పట్టించి చెక్కల సందుల్లో ఉలితో దిగ్గొట్టేవాడు. గది నిండా గుగ్గిలం కంపు. ఇంటి యజమానులు రెండుసార్లు కేకలేశారు. సత్యలక్ష్మి అరచేతులు బొబ్బలెక్కి, బొబ్బలు కాయలయ్యాయి. ఒక్కనాడు విసుక్కోలేదు మహాతల్లి.

ఇంజను పని మాత్రం అతనికి రాదు. దానికి ఆండ్రూ దొరికాడు. రహమత్ నగర్‌లో పుట్టి పెరిగినవాడు, షూటింగ్ జనరేటర్ వ్యాన్లు బాగుచేసే మెకానిక్కు. తుప్పు ముద్దలా ఉన్న ఆ డీజిల్ ఇంజన్ని చుట్టూ తిరిగి చూసి, "అన్నా, ఫికర్ చెయ్యకు. గిది సచ్చిపోలే, పండుకుంది," అన్నాడు. కూలి వద్దన్నాడు. నడిచినరోజు ఒక రౌండు తిప్పితే చాలన్నాడు. పాత జనరేటర్ల నుంచి విప్పిన భాగాలు ఒక్కొక్కటే తెచ్చి బిగించాడు. ఏడాది దాటాక ఒక ఆదివారం అది రెండు సార్లు దగ్గి, నల్లటి పొగ కక్కి, టకటకా అందుకుంది. త్రినాథరావు దాని మీద చెయ్యి వేసి ఎంతసేపు నిలబడ్డాడో, చివరికి ఆండ్రూనే ఇంజను ఆపేశాడు.

ఇక మిగిలింది రంగు. ఇక్కడే దెబ్బ కొట్టింది ముప్పై ఏళ్ళ అలవాటు. సెట్టులో మిగిలిన మంచి నీలం రంగు ఒకటిన్నర డబ్బా దొరికింది. రెండు వైపులకీ చాలదు. పడవలు కట్టే ఇంట్లో పుట్టినవాడు ముందు అడుగుకి తారు పూసుకోవాలి. లేదా ఏ రంగూ వెయ్యకుండా ఉన్నదాన్ని ఉన్నట్టే ఓ లారీ ఎక్కించుకుని పోవాలి. అతను అలా చెయ్యలేదు. చెయ్యి దానంతటదే రోడ్డు వైపుకి పోయింది. నీలం పూసి, అంచున ఎర్ర గీత లాగి, ముక్కు దగ్గర బంగారు రంగుతో 'సత్యలక్ష్మి' అని రాశాడు. అవతలి వైపు ఇంకా వట్టి చెక్క. రోడ్డు మీంచి చూస్తే మాత్రం అప్పుడే పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టుంది. అయ్యో, ఆ ఉన్న రంగేదో గోడ వైపు వేసుకుని ఉంటే ఎంత బాగుండేది!

నాలుగో రోజున ఆ రోడ్డు మీద ఒక పెద్ద కారు ఆగింది. కుర్ర డైరెక్టరొకడు అద్దం దించి చూశాడు. మర్నాటికల్లా ప్రొడక్షన్ మేనేజరు వరప్రసాద్ వెంకటరామయ్యగారి ముందు కూర్చున్నాడు.

క్లైమాక్సు కోసం పడవ నాలుగు రోజులకి కావాలన్నారని తెలిసి త్రినాథరావు పొంగిపోయాడు. నిజంగా పొంగిపోయాడు, చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ. సినిమాలో కనపడ్డ పడవంటే తాళ్ళరేవులో జనం ఎగబడి ఎక్కరూ! కంపెనీ ఇచ్చిన రంగుతో రెండో వైపు కూడా పూర్తిచేశాడు. కథలో హీరోయిన్ పేరు హరిణి కనక పడవ మీద కూడా ఆ పేరే ఉండాలన్నారు. భార్య పేరు చెరిపి అదీ రాశాడు. నాలుగు రోజులే కదా, మళ్ళీ మార్చుకోవచ్చులే అనుకున్నాడు.

ఆ సాయంత్రం ఫైట్ మాస్టరు మనిషి ఒకడు టేపు పట్టుకుని వచ్చాడు. పడవలోకి దిగి, అక్కడక్కడా సుద్దతో గుర్తులు పెట్టి, మామూలుగా అడిగాడు: "పెద్దాయనా, ఏ ఎముక కోస్తే బాగా విడిపోతుంది? బాంబు చిన్నదే పెడుతున్నాం."

త్రినాథరావుకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పక్కనున్న సింహాసనం మీద కూలబడ్డాడు.

వెంకటరామయ్యగారికి ముందే తెలుసు. దాచానని కూడా ఆయన అనుకోలేదు. "పడవ నీదేనయ్యా, కాదన్నానా? కానీ ఆ కంపెనీ ఏడాదికి ఆరు సినిమాలు తీస్తుంది. ఒక్క పడవకి కాదంటే రేపు నా గుమ్మం ఎవడు తొక్కుతాడు? నీకూ ఏదో ఇప్పిస్తాలే," అన్నాడు. మంచి మనిషే. ఈ లోకంలో గొంతు కోసేవాళ్ళు చాలామంది మంచి మనుషులే.

త్రినాథరావు మర్నాడు పొద్దున్నే వరప్రసాద్ ఆఫీసుకి వెళ్ళాడు. అచ్చం అలాంటి పడవ ప్లైవుడ్‌తో, థర్మకోల్‌తో పది రోజుల్లో చేసిస్తానన్నాడు. కూలి కూడా వద్దన్నాడు. ముట్టుకుంటే తప్ప తేడా తెలీదని ప్రమాణం చేశాడు. వరప్రసాద్ జాలిపడి లోపలికి వెళ్ళి అడిగొచ్చాడు. హీరో డేట్స్ లేవట. పైగా డైరెక్టరుకి అసలు చెక్కే కావాలట, నిజం చెక్క విరిగినట్టు ప్లైవుడ్ విరగదట. ముప్పై ఏళ్ళు అతని చేత దొంగ రాయి, దొంగ బంగారం, దొంగ దేవుళ్ళని చేయించిన పరిశ్రమ, జీవితంలో మొదటిసారి అతని దగ్గర నిజమైనది కావాలని అడిగింది. కాల్చడానికి!

ఇంటికొచ్చి చెబితే సత్యలక్ష్మి పొయ్యి ఆపేసింది.

"మీరు కొయ్యనని చెప్పేయండి," అంది.

"నేను కొయ్యకపోతే ఇంకెవడో కోస్తాడే. చేతకానివాడు ఎక్కడ పడితే అక్కడ నరుకుతాడు. సరిగ్గా పేలకపోతే ఉన్నది మళ్ళీ కూర్చి మళ్ళీ పేలుస్తారు. అది నేను చూడలేను."

ఆమె మళ్ళీ పొయ్యి వెలిగించింది.

ఊరి బయట చెరువు దగ్గర షూటింగ్. తెల్లారగట్లే రంపం పట్టుకుని పడవలోకి దిగాడు. తను బిగించిన ఎముకల్ని, నీటి మట్టానికి పైన, ముప్పాతిక వంతు కోశాడు. టేకు పొడి రాలుతుంటే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఫైట్ మాస్టరు మనిషి నీళ్ళ సీసా అందించి, కొలిచినట్టు కోశావన్నాడు. నలభై నాలుగేళ్ళ పనితనం అంతా ఆ కోతలో ఉంది, పాడు.

పడవని చెరువు మధ్య గుర్తు దాకా నడిపేవాళ్ళు లేరు. ఇంజను మర్మం తెలిసింది ఇద్దరికే. ఆండ్రూ రానన్నాడు. "నేను సూడలేనన్నా," అని ఫోన్ పెట్టేశాడు. త్రినాథరావే ఎక్కాడు.

తాడు ఒక్కసారి లాగగానే ఇంజను అందుకుంది. ఒడ్డు వదిలాక చుక్కాని తిప్పాడో లేదో, పడవ మాట విన్నది. నీటి మీద బరువు సమంగా ఆని, కుడికీ ఎడమకీ ఒరగకుండా, పాలమీద పోయినట్టు పోయింది. వంగి అడుగు తడిమి చూశాడు. పొడిగా ఉంది. ఎండాకాలం ఇంటి అరుగంత పొడిగా ఉంది. గాలి మొహానికి కొడుతుంటే ఎన్నాళ్ళకో ఊపిరి నిండా అందింది. గుర్తు దగ్గర ఆపకుండా దాటేశాడు. చెరువంతా చుట్టి ఒక పెద్ద రౌండు కొట్టాడు. ఒడ్డు మీద మైకులో తిట్లు మొదలయ్యాయి. వెలుతురు పోతోందట. ఎక్కడికని పోతాడు? నాలుగు వైపులా గట్టే. తిరిగొచ్చి గుర్తు దగ్గర ఇంజను ఆపాడు. తెప్ప మీద వచ్చినవాళ్ళు అతన్ని ఎక్కించుకుని, పడవలో బాంబులు అమర్చి ఒడ్డుకి వచ్చేశారు.

షాటు ఒక్క టేకులోనే అయిపోయింది. కోసిన చోట కోసినట్టే విడిపోయింది. పక్కటెముకలు పైకి లేచి, మండుతూ నీళ్ళలో పడ్డాయి. యూనిట్టంతా చప్పట్లు కొట్టింది. కుర్ర డైరెక్టరు వచ్చి అతని భుజం మీద చెయ్యేసి, వచ్చే సినిమాకి కూడా నువ్వే ఉండాలి పెద్దాయనా అన్నాడు. త్రినాథరావు అలాగేనండి అన్నాడు. వేరే మాట ఏది రావాలన్నా ముందు దగ్గు వచ్చింది.

యూనిట్ బస్సు దిగి ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టారు. సత్యలక్ష్మి గుమ్మంలోనే కూర్చుని ఉంది. పేలుడు సంగతి అడగలేదు.

"నడిచిందా?" అంది.

"నడిచిందే. ఎంత బాగా నడిచిందో! ఒక రౌండు కొట్టాను. చుక్క నీరు లోపలికి రాలేదు. నువ్వు పేనిన తాడు ఒక్కటీ కదల్లేదు," అంటూ అప్పటిదాకా ఉగ్గబట్టుకున్నవాడు గోడకి ఆనుకుని ఏడ్చేశాడు.

ఆమె కాయలు కాసిన అరచేతులు ఒళ్ళో పెట్టుకుని వింది. అతను తేరుకున్నాక, కోపంగా కాదు, అడగకూడదని ఆపుకుని ఆపుకుని అడిగినట్టు అడిగింది.

"అయితే ఆ ఒక్క రౌండుకీ నన్ను తీసుకెళ్ళాల్సింది కదండీ."

అది అతనికి ఒక్కసారి కూడా తట్టలేదు.