హ్యాష్ గుర్తు తర్వాతి వాక్యం

మా బావమరిది లైబ్రరీలో కంప్యూటర్లు చూసేవాడు. నిదానస్తుడని పేరు. ఆ నిదానమంతా మూడు వారాల్లో ఒక చిన్న ఫైలు పీల్చేసింది.

లైబ్రరీకి కొత్త సర్వర్ వచ్చింది. పుస్తకాల జాబితా తెరుచుకోవాలంటే దాని నంబరు ఎనిమిది కంప్యూటర్లలోనూ ఆ ఫైలులో ఉండాలి. పొద్దున్నే ఒక్కో కుర్చీలో కూర్చుని రాసేవాడు. జాబితా వచ్చేది. మధ్యలో కరెంటు పోయి వస్తే చాలు, రాసింది మాయం. దాని చోట పాత నంబరు, ఏమీ ఎరగనట్టు.

లైబ్రేరియన్‌కి ఈ గొడవ పట్టలేదు. బాగుచేశానని చెప్పి చేయడం లేదనే ఆవిడ నమ్మకం. సోమవారం కూడా జాబితా ఆగితే బయటివాళ్లని పిలుస్తాను, మీరిక రానక్కర్లేదని తేల్చేసింది. పదకొండేళ్ల ఉద్యోగం.

ఆ సోమవారం నేను పేపరు చదవడానికి వెళ్లేసరికి మూడో కంప్యూటరు ముందు గొణుక్కుంటున్నాడు.

"నేనిలా లేవగానే ఎవడో వచ్చి చెరిపేస్తున్నాడు బావా. ఫైలుకే తాళం వేసేస్తా, పీడా పోతుంది."

స్టూలు లాక్కుని కూర్చున్నాను. పేపర్లు ఇంకా రాలేదు. కళ్లెదుట అక్షరాలుంటే చదవకుండా ఉండలేను. తెర మీదున్న ఆ ఫైలులో అన్నిటికన్నా పైన, హ్యాష్ గుర్తు (#) తర్వాత, ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది.

"దీన్ని నెట్‌వర్క్ ప్రోగ్రామే రాస్తుందట, చేత్తో మారిస్తే నిలవదట. చూశావా?"

"హ్యాష్ ఉన్న లైను మెషీన్ చదవదు బావా."

"నువ్వు మెషీన్‌వా?"

తెర మీద వేలు పెట్టి ఆ లైను చదివాడు. తర్వాత ఆ ప్రోగ్రాం సెట్టింగులు తెరిచి నంబరు అక్కడ రాశాడు. కంప్యూటరు ఆపి ఆన్ చేశాడు. ఇంకోసారి ఆపి ఆన్ చేశాడు. నంబరు కదల్లేదు. సంతోషిస్తాడనుకున్నాను. కళ్లజోడు బల్ల మీద పడేసి, ఇంత మర్యాదగా రాసిపెట్టినందుకు ఆ రాసినవాణ్ణే తిట్టాడు. మిగతావి కూడా వరసగా సరిచేశాడు, మొహం ముడుచుకునే.

పదింటికి లైబ్రేరియన్ వచ్చింది. తనే ఒక కంప్యూటరు ఆపి ఆన్ చేసింది. జాబితా తెరుచుకుంది. ఇన్నాళ్లూ ఏమైందని అడిగింది. ఆవిడకి అర్థంకాని పెద్ద మాటలు నాలుగు చెప్పి మా బావమరిది తప్పించుకోవచ్చు. తప్పించుకోలేదు.

"మొదటి లైను చదవలేదు మేడమ్."

"లైబ్రరీలో పనిచేస్తూ?" అని, ఒక క్షణం చూసి, తన గదిలోకి వెళ్లిపోయింది.

బయటివాళ్ల మాట మళ్లీ రాలేదు. మా బావమరిది మాత్రం ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.