ఇ ముందా, ఎల్ ముందా

రాజాత్తికి ఇంగ్లీషు నేర్పింది బడి కాదు, అగ్గిపెట్టె. ఎనిమిదో తరగతితో చదువు మానిపించి, కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెలకి లేబుళ్ళు అంటించే పనికి పంపారు. మైదా జిగురు పూసిన వేళ్ళతో రోజంతా అవే బొమ్మలు, అవే అక్షరాలు: టైగర్, కేమెల్, ఈగిల్, ఏంజెల్. అన్నీ ఐదక్షరాలవే. అంత చిన్న కాగితం మీద ఆరక్షరాలు ఇరుకైపోతాయి, నాలుగైతే బోసిపోతుంది. అందుకని ఆ పిల్లకి ఇంగ్లీషు భాష మొత్తం ఐదక్షరాల భాషగానే పరిచయమైంది.

ఆ అలవాటు పెళ్ళయినా పోలేదు. బస్సు మీద, బనియన్ డబ్బా మీద, మందుల షాపు గోడ మీద ఏ ఇంగ్లీషు మాట కనబడినా చేతివేళ్ళు మడిచి లెక్కపెట్టేది. ఒక చేతికి సరిపోతే మనసులో దాచుకునేది, రెండో చెయ్యి కావాల్సివస్తే వదిలేసేది. లోడు ఆటో నడిపే భర్త మాడసామి ఆమెని దొరసాని అని ఏడిపించేవాడు. రాజాత్తి అని ఇంగ్లీషులో రాస్తే ఏడక్షరాలు, నువ్వే అగ్గిపెట్టెలో పట్టవు పొమ్మనేవాడు.

తర్వాత ఆమె లేబుళ్ళు అచ్చువేసే ప్రెస్సులో చేరింది. ఇరవై రెండేళ్ళు అదే పని: కత్తిరించిన లేబుళ్ళు లెక్కపెట్టడం, కట్టలు కట్టడం. లెక్కపెట్టే కళ్ళు చదవకుండా ఊరుకుంటాయా? తప్పు ఎక్కడున్నా ఆమెకి కంట్లో నలుసులా తగిలేది. చెబితే మేనేజరు రమేష్‌బాబు, నీ పని లెక్క వరకే అనేవాడు.

ఈ ఏడు పాత చెకర్ రాఘవేంద్రన్ పని మానుకున్నాడు. అచ్చుకి పోయేముందు ప్రతి నమూనా చదివి, ఎర్ర పెన్సిలుతో దిద్ది, సంతకం పెట్టేవాడే చెకర్. ఆయన వెళ్ళిన నెలలోనే కొంప మునిగింది. విరుదునగర్ పప్పుల వ్యాపారి ఒకాయన ముత్యం గుర్తుకి లేబుళ్ళు అడిగితే, పెర్ల్ అన్న మాటలో ఎ, ఆర్ తారుమారై నలభై వేలు అచ్చయిపోయాయి. ఆయన ఒక్కటి కూడా ఉంచుకోకుండా అన్నీ తిప్పి పంపాడు. మొదటి కట్ట కట్టేటప్పుడే రాజాత్తి ఆ సంగతి చెప్పింది. రమేష్‌బాబు విననట్టే వెళ్ళిపోయాడు.

ఆ దెబ్బతో ముదలాళి అయ్యాసామి, అంటే ప్రెస్సు యజమాని, చెకర్ కుర్చీకి పరీక్ష పెట్టాడు. ఎ, ఇ, ఎల్ మూడూ ఉన్న ఐదక్షరాల ఇంగ్లీషు మాటలు పావుగంటలో ఎవరు ఎక్కువ రాస్తే వాళ్ళదే కుర్చీ. ప్రెస్సు ఆఫీసులో పనిచేసే, బి.కాం. చదివిన బృంద పరీక్షకి కూర్చుంది. రాజాత్తి తనూ రాస్తానంటే రమేష్‌బాబు నవ్వాడు. కానీ డిగ్రీ ఉండాలని ముదలాళి చెప్పలేదు కదా అని ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆమెకి ఆ కుర్చీ మీద ఆశ సుఖం కోసం కాదు. తప్పుని తప్పని చెప్పే హక్కు ఆ కుర్చీకే ఉంది, అందుకని.

పావుగంట అయ్యేసరికి ఇద్దరివీ పద్నాలుగేసి మాటలు. అందులో పదమూడింటికి వంక లేదు. తంటా అంతా మిగిలిన ఒక్కదానితో వచ్చింది. ఇద్దరూ రాసిన ఆ మాట లేబుల్. బృంద చివర ఎల్, ఇ అని రాసింది. రాజాత్తి ఇ, ఎల్ అని రాసింది. ఒకటి ఒప్పయితే రెండోది తప్పు, ఒప్పయినవాళ్ళదే కుర్చీ.

రమేష్‌బాబు ఆలోచించనైనా లేదు. రాజాత్తి మాట కొట్టేశాడు. టేబుల్ ఎట్లనో, కేబుల్ ఎట్లనో, లేబుల్ కూడా అట్లనే, చివర ఎల్, ఇ అన్నాడు. వాకిట్లో ముప్పై ఎనిమిదేళ్ళుగా వేలాడుతున్న బోర్డు మీద, బిల్లు పుస్తకం మీద, వ్యాను మీద ప్రెస్సు పేరులో లేబుల్ అన్న మాట అట్లనే ఉందిగా అని చూపించాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనడమంటే ఇదే.

రాజాత్తి లేచి వెళ్ళి, కాగితం రీములకి చుట్టివచ్చే అట్ట ఒకటి తెచ్చి బల్ల మీద పరిచింది. బొంబాయి మిల్లు నుంచి వచ్చే ప్రతి రీము మీదా లేబుల్ పేపర్ అని ఆ మాట ఉంది. చివర ఇ, ఎల్. కేమెల్, ఏంజెల్ కూడా అట్లనే కదా అంది. ఇంకా నమ్మకం కుదరకపోతే ముదలాళి ఫోనులో చూడవచ్చంది.

అయ్యాసామి చూశాడు. మెల్లగా, ఆమె రాసిందే సరి అన్నాడు. కానీ ఆ బోర్డు తన నాయన చేతులతో ఎత్తింది. ఊరంతా చూసిన పేరు. కాబట్టి ఈ మాట ఇద్దరి లెక్కలోంచీ తీసేద్దామన్నాడు. పదమూడు, పదమూడు. సమానం వస్తే చదువు చూడాలి కాబట్టి కుర్చీ బృందకి.

ఒళ్ళు మండిపోయింది రాజాత్తికి. ఓడిపోతే సరే అనుకునేది. గెలిచాక తుడిచేయడం ఏం న్యాయం? రమేష్‌బాబు మధ్యలో దూరి, ఎదురు మాట్లాడేదానికి ఇది తెల్లదొరలకి ఎదురు తిరిగిన పాంచాలంకురిచ్చి కోట కాదన్నాడు. ఆమె అతని వైపు చూడను కూడా లేదు.

"ముదలాళీ, విరుదునగర్ ఆయన ముత్యం తప్పుందని తిప్పి పంపినాడు," అంది. "మీ పేరే తప్పుండాది. దాన్ని తిప్పి పంపేదెవురు? ఇరవై రెండేండ్లు ఆ బోర్డు కిందనే వచ్చినా, పోయినా, నోరు మూసుకొని. ఇంక మూసుకోను. కుర్చీ ఇయ్యకుంటే పోనీ. సరిగ్గా ఉండే మాటని మాత్రం నా చేత్తో కొట్టను."

ఉన్న మాటంటే ఉలుకెక్కువ. అయ్యాసామి ముఖం ఎర్రబడింది. అప్పుడు బృంద, అంతదాకా తల వంచుకుని కూర్చున్న పిల్ల, తన కాగితం ముందుకి లాక్కుని తన మాట తనే అడ్డంగా కొట్టేసుకుంది. అక్క రాసిందే రైటు, నాకు పదమూడే అని కాగితం ముదలాళి ముందు పెట్టింది. ఇక ఆయనకి దాక్కునేందుకు చోటు లేకపోయింది. రాఘవేంద్రన్ వదిలేసిపోయిన ఎర్ర పెన్సిలు సొరుగులోంచి తీసి, రాజాత్తి వైపు తోశాడు.

బోర్డు సంగతి మాత్రం గుట్టుగా కానివ్వాలనుకున్నాడు రమేష్‌బాబు. ఆదివారం ప్రెస్సు మూసి ఉంటుంది, వీధిలో జనం ఉండరు, అప్పుడు పెయింటరుని పిలిస్తే పరువు దక్కుతుందన్నాడు. అయ్యాసామి కూడా తలూపబోయాడు.

చెకర్ ఒప్పుకోలేదు.

"ముప్పై ఎనిమిదేండ్లు అందురూ చూస్తుండంగనే తప్పు వేలాడింది," అంది రాజాత్తి. "దిద్దేది కూడా అందురూ చూస్తుండంగనే దిద్దాల."

సోమవారం పొద్దున పది గంటలకి, ఆ వీధిలో లోడు ఆటోలన్నీ ఇరుక్కుని హారన్లు కొట్టే వేళకి, పెయింటరు నిచ్చెన వేశాడు.