బేరమాడి తగ్గించిన గడువు

మా ఇంట్లో పిల్లలకు అక్షరాలకంటే ముందు బేరం వస్తుంది. మెదక్ బజారులో తాతది బట్టల దుకాణం, నాన్నదీ అదే, నాదీ అదే. దర్జీ నడుము కొలత చెబితే దాన్లోనూ రెండంగుళాలు తగ్గించమని అడిగిన ఘనుణ్ణి నేను.

అక్కకు రొమ్ములో గడ్డ బయటపడింది. ఆమెది చేగుంట. వైద్యం మొదలయ్యాక మా ఇంట్లోనే ఉంది. మూడు వారాలకోసారి హైదరాబాదు తీసుకుపోయి కీమో ఎక్కించుకొచ్చేవాణ్ణి. మూడుసార్లయ్యేసరికి గడ్డ తగ్గుతోందని డాక్టరమ్మ చెప్పింది. అక్క నోరంతా పుళ్లు. జుట్టు పోయినప్పుడు ఏడవని మనిషి, పచ్చిపులుసు నాలుకకు తగిలి మండినప్పుడు ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే దిగాడు వాడు. చర్చి రోడ్డులో గది కిరాయికి తీసుకుని, తెల్లకోటు తొడుక్కుని కూర్చున్నాడు. వెనక గోడ మీద రంగుల బొమ్మ. నెత్తురులో తేలే చిన్న చిన్న బంతులు, గడ్డ దగ్గరికొచ్చి పగిలే బంతులు.

"సేఠ్, ఇది నానో మందు. పాలిమర్ గోలీల మందు దాచిపెట్టిన్రు. నెత్తుట్ల ఉన్నంతసేపు పలగది. క్యాన్సర్ గడ్డ కాడ పులుపు ఎక్కువుంటది. ఆ పులుపు తాకంగనే పలుగుతది. మందు సీదా గడ్డ మీదనే పడ్తది. నోరు ఖరాబ్ కాదు, జుట్టు పోదు."

గ్లాసు నీళ్లలో రెండు చుక్కలు వేశాడు. నీళ్లు నీలమయ్యాయి. నిమ్మకాయ పిండాడు. గులాబీ రంగుకు తిరిగాయి. "సూసిన్రా?" అన్నాడు.

పసుపులో సున్నం పడితే ఎర్రబడుతుందని తెలియని ఇల్లు మా ఊళ్లో లేదు. పైగా నేను దారం కాల్చి వాసన చూపించి పట్టుచీరలు అమ్మే ఇంట్లో పుట్టాను. కాల్చిన దారం ఒకటి, కట్టిచ్చే చీర ఒకటి కావచ్చని నాకు ఒకరు చెప్పాలా? అయినా నోరు తెరుచుకుని చూశాను.

"ఒక్కటే కండీషన్ సేఠ్. రెండు నెల్లు కీమో బంద్ పెట్టాలె. రెండు మందులు కొట్లాడుకుంటయి."

ఆ మాటకే లేచి రావాల్సింది. లేవలేదు సరికదా, బేరం మొదలుపెట్టాను.

"రెండు నెల్లా? మస్తు చెప్తున్నవ్. పదిహేను దినాలు."

"గట్లయితే మందు పని చెయ్యొద్దా? నెలన్నర."

"నెల. ఆ మీద ఒక్క దినం గూడ కాదు."

తల గోక్కున్నాడు. నిట్టూర్చాడు. "మీరు గాబట్టి సేఠ్," అన్నాడు. రోజుకు ఇరవైసార్లు నా గల్లా దగ్గర కూర్చుని నేను అనే మాట! అది నా చెవికే కొత్తగా, తియ్యగా తగిలింది.

మా బజారులో ఒక కట్టుబాటు ఉంది. బేరంలోకి దిగావంటే సరుకు నీకు నచ్చినట్టే. నచ్చని సరుకును ధర అడగకూడదు. ఆ కట్టుబాటు నా ఒంట్లో ఎంత పాతుకుపోయిందంటే, రెండు నెలలను నెలకు దించగానే గెలిచాననుకున్నాను. అసలు మందు నిజమా, అబద్ధమా? ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు.

"డాక్టరమ్మను అడిగినవా రా?" అంది అక్క.

"ఆమెను అడిగేదేముంది? ఆమె సరుకు ఆమె మెచ్చుకుంటది. నెల రోజులే అక్కా, రెండు నెల్లంటే నేనే తగ్గించిన."

అక్క నన్ను నమ్మింది. కీమో ఆపి, వాడిచ్చిన సీసాలోని మందు రోజూ మింగింది. పుళ్లు మానాయి. కీమో లేకపోతే మానక ఏమవుతాయి? నేను మాత్రం నానో మహిమ అని వీధంతా చాటాను. అక్క పచ్చిపులుసుతో అన్నం తింది. నెల నిండకముందే ఒక పొద్దున స్నానం చేస్తూ నా భార్యను పిలిచి చెయ్యి పట్టి చూపించింది. గడ్డ పెరిగింది.

డాక్టరమ్మ తడిమి చూసింది. సీసా తిప్పి చూసింది. అరిస్తే బాగుండేది, అరవలేదు.

"ఇలాంటి పరిశోధన నిజంగానే ఉంది. గడ్డ చుట్టూ ఆమ్లం కాస్త ఎక్కువ. ఆ కాస్త తేడాకే విడిపోయే పాలిమర్ కణాల్లో మందు పెట్టి పంపాలని చూస్తున్నారు. చాలావరకు ఇంకా ప్రయోగాల్లోనే ఉన్నాయి. మీరేమో దీన్ని నోట్లో వేశారు. కడుపులో ఆమ్లం గడ్డ దగ్గరకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పులుపుకు పగిలేదే అయితే ముందు కడుపులోనే పగలాలి కదా? వాణ్ణి అడిగారా?"

అడగలేదు. రేగోడ్ నుంచి నా కొట్టుకొచ్చే ముసలమ్మ లంగా గుడ్డ కొన్నా, ఉతికితే రంగు పోతుందా అని అడుగుతుంది. ఎవరో ఏళ్ల తరబడి తలలు బద్దలుకొట్టుకుని చేస్తున్న పనిని ఆ లుచ్చా దొంగిలించి గోడకు అంటించాడు. దానికి మా అక్క ఒంటిని ఇచ్చి వచ్చాను నేను.

రక్తపరీక్ష ఫలితం కోసం కూర్చున్నప్పుడు వాడికి ఫోన్ కొట్టాను. ఎత్తాడు. గడ్డ పెరిగిందని అరిచాను.

"నన్నేం జెయ్యమంటరు సేఠ్? నేను రెండు నెల్లు జెప్పిన. మీరే పట్టువట్టి నెలకు తగ్గించిన్రు. పూరా వాడితే తగ్గుతుండె."

వరండాలో జనమంతా తిరిగి చూసేలా బూతులు తిట్టాను. నా తిట్లు మధ్యలో ఉండగానే వాడు పెట్టేశాడు. మళ్లీ కొట్టాను, ఎత్తలేదు.

లోపలికి పిలిచారు. ఇవాళే మొదలుపెడతాం, ఈసారి మందు మారుస్తున్నాం, కొంచెం గట్టిదే అంది డాక్టరమ్మ.

"మేడం, జర తక్కువ డోసుతోని..." అన్నాను. సిగ్గులేని నోరు.

"తమ్మీ, నువ్వు బయటికి నడువు," అంది అక్క. నా వైపు చూడలేదు. "మేడం, పెరిగింది మళ్ల తగ్గుతదా? నిజం చెప్పుండ్రి."

"ఇప్పుడే చెప్పలేనమ్మా."

"సరే. ఎక్కియ్యుండ్రి."

తెర ఇవతల బల్ల మీద కూర్చున్నాను. అక్క చేతికి నరం దొరకడం లేదు. నర్సు రెండోసారి పొడిచింది, మూడోసారి పొడిచింది. "ఈ చెయ్యి ఇడిసిపెట్టి ఆ చెయ్యి సూడు బిడ్డా," అంటోంది అక్క.