రాణి కిరీటం బొత్తాం

మేమిద్దరం అబుదాబి వచ్చింది 2002 అక్టోబరు 17న. అప్పటికి నాకు అరవై మూడు, మా ఆయనకు అరవై తొమ్మిది. మా అమ్మాయి ముసఫ్ఫాలో ఒక కంపెనీలో ఇంజనీరు. పెట్టెలు అమ్మాయి విప్పింది కానీ, చేతిసంచీ మాత్రం ఆయన ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అందులో ఒక పాత పొడుం డబ్బీ, డబ్బీలో ఒక ఇత్తడి బొత్తాం ఉన్నాయి.

ఆ బొత్తాం మీద ఒక ఫిరంగి, దాని పైన ఒక కిరీటం, చుట్టూ అరిగిపోయిన అక్షరాలు. మా మామగారి కోటుదని మా అత్తగారు చెప్పేది. తెల్లదొరల కాలంలో మా రేవు పట్నంలో వాలంటీరు ఫిరంగి దళం ఒకటి ఉండేది. వాళ్లు పూర్తి సిపాయిలు కారు. వారంలో ఆరు రోజులు రేవులోనో కంపెనీ ఆఫీసులోనో పని చేసుకుని, ఆదివారం ఇసుకలో ఫిరంగులు పేల్చడం నేర్చుకునే దొరలు. ఆ ఫిరంగులను ఎడ్లు లాగేవి. ఆ ఎడ్లను తోలినవాడు మా మామగారు. పదిహేడో ఏట చేరాడని, కోటు ఇచ్చారని, ఆయన పోయాక కోటు చిరిగిపోతే బొత్తాం ఒకటి కోసి దాచానని అత్తగారు చెప్పేది.

తండ్రి పోయేనాటికి మా ఆయనకు ఐదేళ్లు. తండ్రి ముఖం గుర్తులేదు, ఫొటో లేదు. పెదనాన్న పిల్లలు మాత్రం, "మీ నాన్నకి కోటా? సంతలో కొన్న బొత్తాంరా అది" అని ఏడిపించేవారట. అరవై ఏళ్లు దాటినా ఆ మాట ఆయన మరిచిపోలేదు. ఏటా మార్గశిరంలో తండ్రి తిథి నాడు ఆ బొత్తాన్ని చింతపండుతో తోమి, ఆకు పక్కన పెట్టి, ఆ తరవాతే భోజనానికి కూర్చునేవారు. అబుదాబిలో ఏడో అంతస్తు వంటింట్లో కూడా మూడేళ్లు అలాగే చేశారు.

నేను ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పిన టీచరును. ఇక్కడ అమ్మాయి పొద్దున ఆరున్నరకు వెళితే సాయంత్రం ఆరున్నరకు వచ్చేది. పగలు పన్నెండు గంటలు. 2004 జనవరిలో అమ్మాయి ఇంటికి ఇంటర్నెట్ పెట్టించింది. ఈ బొత్తాం సంగతి తేల్చి, పెదనాన్న పిల్లల నోరు మూయించాలని నేనే మొదలుపెట్టాను. ఆయన అడగలేదు.

ఒక నోటు పుస్తకం కొన్నాను. మొదటి పేజీలో బొత్తాం మీద కాగితం పరిచి, పెన్సిలుతో రుద్ది అచ్చు తీశాను. అడ్డకొలత ఇరవై నాలుగు మిల్లీమీటర్లు. తూర్పు తీరంలో ఏ రేవులో ఏ వాలంటీరు దళం ఉండేది, ఎన్ని ఫిరంగులు, టోపీ మీద ఏ గుర్తు, భుజం మీద ఏ అక్షరాలు, దొరికింది దొరికినట్టు రాసుకున్నాను. ఇక్కడ సెలవు రోజైన శుక్రవారం పొద్దున కాఫీ గ్లాసుతో ఆయన నా కుర్చీ వెనక నిలబడేవారు.

"ఏం టీచరమ్మా, మా నాన్న దొరికాడా?"

"దొరకలేదండీ. ఆయన ఎడ్లు కూడా దొరకలేదు."

"ఎడ్లు ముందు దొరుకుతాయిలే. దొరలు ఎడ్ల పేర్లే రాసుకుని ఉంటారు, మనుషుల పేర్లు రాయరు."

ఆయన అన్నది చాలావరకు నిజమే. దళంలో దొరల పేర్లు కొన్ని దొరికాయి. తోలేవాళ్ల పేర్లు ఒక్కటీ దొరకలేదు. ఇక మిగిలిన ఆధారం బొత్తాం ఒక్కటే.

ఇలాంటి వాలంటీరు దళాల గుర్తులు కూడబెట్టే పెద్దాయన ఒకాయన ఇంగ్లండులో ఉన్నాడని తెలిసింది. రిటైరయిన బడిపంతులే. అమ్మాయి బొత్తాం ఫొటో తీసి పంపింది. కిరీటం ఏ కాలానిదని నేను అడిగాను. 2005 జూన్ 8న జవాబు వచ్చింది. కిరీటం కమానులు నడుమ కిందికి ఒంగితే అది రాణి కిరీటం, గుండ్రంగా పైకి లేస్తే ఆమె తరవాతి రాజుది. మీది రాణి కిరీటమే, అని రాశాడు.

నేను లెక్క వేశాను. రాణి పోయింది 1901 జనవరిలో. మామగారి జాతకం చీటీ ప్రకారం ఆయన పుట్టింది 1892. పదిహేడో ఏట చేరాడంటే 1909. అంటే రాణి పోయిన ఎనిమిదేళ్లకు. రాజు కిరీటం వచ్చాక చేరినవాడి కోటుకు రాణి కిరీటం ఎలా ఉంటుంది? రెండుసార్లు సరిచూసుకున్నాను. అచ్చు కింద సిరాతో రాశాను: మామగారిది కాదు.

ఆ సంగతి దాచిపెట్టి ఉండవచ్చు. నాకు ఆ అలవాటు లేదు. బడిలో ఏ పిల్లకూ తప్పు లెక్కకు జాలిపడి మార్కు వేయలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పాను, నోటు పుస్తకం పక్కన పెట్టుకుని, ఏడాదులన్నీ చదివి మరీ.

ఆయన పెరుగు కలుపుకుంటున్నవారు ఆగారు.

"అంటే అమ్మ అబద్ధం చెప్పిందంటావా?"

"అమ్మ సంగతి నాకు తెలీదండీ. బొత్తాం చెప్పేది అది."

"సంతలో కొన్నదేనంటావు."

ఆయన పెరుగన్నం పూర్తిగా తిన్నారు. చేయి కడుక్కుని వచ్చి డబ్బీ నా ముందు పెట్టారు. "ఆ ఇంగ్లండాయనకి పంపెయ్. ఆయన దగ్గర దీని సావాసగాళ్లుంటారు" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

జూలై 2న రిజిస్టరు పోస్టులో పంపాను. నలభై మూడు గ్రాములు, డబ్బీతో కలిపి. వద్దని ఆయన అంటారేమోనని పోస్టాఫీసు కిటికీ దగ్గర ఒకసారి వెనక్కి చూశాను. ఆయన బయట నీడలో నిలబడి రోడ్డు చూస్తున్నారు.

ఆ ఏడు మార్గశిరంలో తిథి వచ్చింది. ఆకు వేశాను, వడ్డించాను. నేను చింతపండు నానబెట్టింది పులుసుకు. ఆయన గిన్నెలోకి ఒకసారి చూసి వెళ్లి కూర్చున్నారు. శుక్రవారాలు నా కుర్చీ వెనకకు రావడం అప్పటికే మానేశారు. నేనూ ఆ పుస్తకం మూసేశాను. 2006 నవంబరు 9న ఇక్కడి ఆసుపత్రిలోనే ఆయన పోయారు. గుండె. తండ్రి తిథికి ఇంకా నాలుగు వారాలుంది.

2008 మార్చిలో అమ్మాయి నా జాకెట్ల చేతులు వదులు చేయించడానికి ఐకాడ్ అనే ఫ్యాక్టరీల పేట దగ్గర ఒక దర్జీ దుకాణానికి తీసుకెళ్లింది. కరీంనగర్ వైపు మనిషి, నలభై ఏళ్లవాడు. అక్కడి ఫ్యాక్టరీల కాపలావాళ్లకు యూనిఫారాలు కుట్టడం అతని పని. నా జాకెట్లు అయ్యేదాకా బల్ల మీది చొక్కా చూస్తూ కూర్చున్నాను. భుజం మీద కంపెనీ గుర్తు డేగ, బొత్తాల మీద లంగరు.

"బాబూ, ఇది తప్పు కుట్టావు. గుర్తొకటి, బొత్తాలొకటి."

అతను మిషను ఆపకుండానే నవ్వాడు. "తప్పు కాదమ్మా. నిరుడు కంపెనీ గుర్తు మారింది. పాత బటన్లు రెండు డబ్బాలున్నయ్. అవి ఖలాస్ అయ్యేదాంక అవే కుట్టుమన్నడు ముదీర్, అదే వాళ్ల మేనేజర్. ఇత్తడి మాల్ ఎవడన్న పారేస్తడా?"

"ఎన్నాళ్లు వస్తాయి?"

"ఏడెనిమిదేండ్లు వస్తయ్. కొత్తగ చేరినోళ్లకు గూడ అవే. ఎవ్వలడుగుతరు? మీరొక్కరే అడిగిన్రు. ఎండకు వచ్చిన్రు, నీళ్లు తాగుండ్రి."

నీళ్ల గ్లాసు పట్టుకుని ఆ లంగరు బొత్తాలనే చూస్తూ ఉండిపోయాను. అమ్మాయి వచ్చి, "ఏమైందమ్మా, ఒంట్లో బాలేదా?" అంది. ఎండ అన్నాను.

ఆ సాయంత్రమే ఇంగ్లండు పెద్దాయనకు రాశాను. రాజు మారాక పాత బొత్తాలు ఎన్నాళ్లు తొడిగేవారు? పదకొండు రోజులకు జవాబు వచ్చింది. వాలంటీరు దళాలకు ఎప్పుడూ మిగులు సరుకే ఇచ్చేవారు, పదేళ్లూ అంతకు మించీ పాత బొత్తాలే నడిచేవి, అందులోనూ బండ్లు తోలేవాళ్లకు కొత్తవి ఎవరిస్తారు, ఈ గుర్తులు కూడబెట్టేవాళ్లందరికీ తెలిసిన సంగతే, మీరు అప్పుడు అడగలేదు, అని రాశాడు. బొత్తాం తిరిగి ఇవ్వగలరా అని కూడా అడిగాను. క్షమించాలి, 2006లోనే మార్పిడిలో ఇంకొకరికి వెళ్లిపోయింది, ఆయన ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు, అని రాశాడు.

నిజమే, నేను అడగలేదు. కిరీటం ఏ కాలానిదని అడిగాను. దాన్ని ఎప్పటిదాకా తొడిగారని అడగలేదు.

నోటు పుస్తకం తీశాను. పెన్సిలు అచ్చు కొంచెం చెరిగింది కానీ కమానుల ఒంపు తెలుస్తోంది. "మామగారిది కాదు" అన్నదాన్ని ఒక్క గీతతో కొట్టేశాను, కొట్టేసింది కూడా చదవడానికి వీలుగా. కింద 29-3-2008 అని తేదీ వేసి, "మామగారిది కావచ్చు" అని రాశాను. అంతకు మించి రాయడానికి ఇప్పటికీ ఆధారం లేదు. కానీ ఆ మధ్యాహ్నం ఆయనకు ఆ ఒక్క మాట సరిపోయేది.

ఆ తరవాతి శుక్రవారాలు కూడా నేను ఆ కుర్చీలోనే కూర్చున్నాను. వెనక కాఫీ వాసన వస్తే అమ్మాయే.