సాంపి చల్లని వాకిలి

1961లో వానాకాలం వెళ్లిపోయి మక్కచేలు కోతకు వచ్చిన రోజులు. కరీంనగర్ జిల్లాలో, చొప్పదండి చుట్టుపక్కల పల్లెల్లో నేను స్టాక్‌మన్‌గా తిరుగుతున్నాను. స్టాక్‌మన్ అంటే డాక్టరు కాదు. గొడ్లకూ కోళ్లకూ టీకాలు వేసి, గాయాలకు కట్టు కట్టి, డాక్టరును పిలవాలో వద్దో తేల్చేవాడు. పోలీసు చర్య తరువాత మా జాగీరు పోయింది, మేము పుట్టి పెరిగిన గడికి తాళం పడింది. ఒకరి ముందు చేయి చాచడం కన్నా నౌకరీ మేలని ఈ పనిలో చేరాను. బంధువులు ‘కోళ్ల డాక్టరు’ అని నవ్వారు. నవ్వనిచ్చాను. షేర్వానీ గుండీలన్నీ పెట్టుకునే సైకిలు తొక్కేవాణ్ణి.

ఆ ఏడు సర్కారు పేద ఇళ్లకు వైట్ లెగ్‌హార్న్ కోళ్లు ఇచ్చింది. తెల్లటి సీమజాతి పెట్టలివి, గుడ్లు బాగా పెడతాయి. కాని నాటుకోడిలా చెట్టెక్కి పడుకోవడం, పిల్లిని చూసి ఎగిరిపోవడం వీటికి చేతకాదు. అందుకే గూడుతో పాటు ఒక రన్ కూడా కట్టించేవాళ్లం. గూడుకు ఆనుకొని, వైర్ మెష్‌తో కంచె వేసిన జాగాను రన్ అంటారు.

లచ్చవ్వ పద్మశాలి ఇంటి మనిషి. మగ్గం నేసే భర్త పోయాక గుడ్లమ్మి బతుకుతోంది. వెనక పెరడు లేని ఇల్లు కనుక గూడు, రన్ రెండూ ముందరి వాకిట్లోనే పెట్టుకుంది. వాకిటి చుట్టూ నడుమెత్తు మట్టిగోడ. ఆ గోడ దాటితే బాట, బాట దాటితే మక్కచేను.

కబురు వచ్చి నేను వెళ్లేసరికి ఊరి గ్రామసేవక్ అక్కడే ఉన్నాడు. కోళ్ల పంపకం అతని చేతి మీదుగానే జరిగింది.

“గూడు సర్కారుది, కోళ్లు సర్కారువి. కూర మాత్రం నీదా అవ్వా?” అంటున్నాడు.

“మా పోశమ్మ తోడు సారూ, ఒక్కదాని మెడ గూడ కోయలే. పొద్దుగాల లేస్తే ఒకటి తక్కువుంటది. ఈక గూడ దొరకది.”

“ఈక దొరకకుండ కోడి మాయమైతదా? అఫీసరు వస్తుండు. ఆయన వచ్చినప్పుడు లెక్క చెప్పకుంటే మిగిలినయి తీసుకపోయి వేరేటోళ్లకు ఇస్త.”

అతను వెళ్లాక ఆమె నావైపు తిరిగింది. “దొరా, మీరన్న నమ్మున్రి.”

ఆ పిలుపును నేను సరిదిద్దలేదు. వెనకటి గడిని ఎరిగినవాళ్ల నోట అలా వస్తుంది. “రాత్రిళ్లు చప్పుడు కాదా?” అని అడిగాను.

“కోళ్లు కొక్కరిస్తయి. ఒంటిదాన్ని, తలుపు తీసే ధైర్యం లేదు. మనిషే, దొరా.” గొంతు తగ్గించి పక్కింటి వైపు చూసింది. “మల్లవ్వ ఇంట్ల మొన్న కోడికూర వాసనొచ్చింది. గప్పటిసంది మాట్లాడుడు బంద్ జేసిన.”

రన్ చుట్టూ తిరిగి చూశాను. మెష్ ఎక్కడా తెగలేదు, గుంజలు కదల్లేదు, గడియ సరిగానే ఉంది. ఉక్కపోస్తే గుడ్లు తగ్గుతాయని గూడు తలుపు తెరిచే ఉంచుతుందట. రాత్రి కొన్ని కోళ్లు గూట్లో, కొన్ని రన్‌లో పడుకుంటాయి. ముంగిస అయితే మెడ కొరికి కళేబరం వదిలిపోతుంది. పాము అయితే గుడ్లు, పిల్లలు పోతాయి. కోడి మొత్తంగా మాయమవుతోందంటే నక్క కావచ్చు, జంగపిల్లి కావచ్చు, మనిషి కావచ్చు. జాడ చూద్దామంటే వాకిలి అద్దంలా ఉంది. గోడ దాకా ఊడ్చి, పేడనీళ్లు చల్లి, ముగ్గు వేసి ఉంది. మా వైపు ఆ పేడనీళ్లనే సాంపి అంటారు. ఒక మూల కంచె కింద మాత్రం అలుకు పచ్చిగా ఉంది.

“ఇదేమిటి?”

“కోళ్లు గీరి గుంత జేస్తయి. పొద్దుగాల పూడ్చి అలుకుత.”

కోళ్లు మట్టిస్నానానికి గుంత చేసుకునేది నిజమే. అయినా నాకు అనుమానం వచ్చింది. “లచ్చవ్వా, ఈ పొద్దు కోళ్లను గూట్లోకి తోలి తలుపు బిగించు. రేపు నేను వచ్చేదాకా వాకిలి ఊడవకు. సాంపి చల్లకు. ఈ మూల ముట్టకు.”

“సాంపి చల్లకుండనా?”

మా ప్రాంతంలో తెల్లవారాక వాకిలి పొడిగా ఉందంటే ఆ ఇంట్లో పీనుగు ఉన్నట్టు. “ఆయన పోయిన దినం తప్ప నా వాకిలి ఎన్నడు గట్ల లేదు దొరా. చేతులార కీడు పిలుచుకోమంటరా?”

ఆమె భయం నాకు పరాయిది కాదు. మా గడిలో నౌకర్లు వెళ్లిపోయిన మర్నాడు, ఎన్నడూ గడప దాటని మా అమ్మ కొంగు బిగించి తానే వాకిట్లో సాంపి చల్లింది. ఆ మాట లచ్చవ్వకు చెప్పలేదు. “కోళ్లు కావాలా, వద్దా?” అన్నాను. ఆమె తల ఊపింది.

ఆ రాత్రి చావడిలో పడుకున్నానే గాని కన్ను మూతపడలేదు. వచ్చేది మనిషే అయితే? అసలు ఏదీ రాకపోతే? నా మాట మీద ఒక విధవరాలు వీధి ముందు అశుభానికి ఒప్పుకుంది. తెల్లవారుతుండగా వెళ్లాను. వాకిలి పొడిగా, బోసిగా ఉంది. లచ్చవ్వ గడపలో చీపురు పట్టుకొని నిలబడి ఉంది.

నేను గోడ దాటకముందే పక్కింటి తలుపు తెరుచుకుంది. మల్లవ్వ వాకిలిని చూసింది, గుండెలు బాదుకుంటూ ఉరికొచ్చింది.

“అయ్యో లచ్చవ్వా! ఏమైందే? నన్నిడిసి పోయినవానె నా తల్లీ!”

“ఆగు! అడుగు పెట్టకు! నేను సావలే, ఆగు!” అని లచ్చవ్వ అరిచింది.

మల్లవ్వ ఒంటికాలి మీద ఆగిపోయింది. “సావలేదా? మరి సాంపేది? పాపపుదానా, నా పానం పోయె!” అని తిడుతూనే ఏడ్చింది. మాటలు బంద్ అయిన తరువాత ఇద్దరి మధ్యా నడిచిన మొదటి మాటలివి.

అప్పుడు నేలను చూశాం. గోడ దగ్గర నుంచి రన్ దాకా, ఒకదాని వెనక ఒకటిగా తిన్నటి వరుసలో అడుగులు. గోళ్ల గుర్తులున్నాయి కనుక పిల్లి కాదు. కుక్క అడుగు వెడల్పుగా పడుతుంది, ఇవి సన్నగా, కోలగా ఉన్నాయి. పచ్చిగా అలికిన మూలలోనే కంచె కింద గుంత తవ్వి ఉంది. మెష్ అంచుకు ఎర్రబూడిద రంగు వెంట్రుకలు చిక్కుకున్నాయి. నక్క. గూటి పలక మీద గీరిన గీతలు పడ్డాయి. లోపల కోళ్లన్నీ క్షేమం.

లచ్చవ్వ ఆ గుంతను చూస్తూ కూలబడింది. “దాని దారి నేనే రోజు మెత్తగ జేసి పెట్టిన్నా, దొరా?”

జరిగింది అదే. నక్క తవ్వేది, ఆమె పూడ్చేది. తడిమట్టి మళ్లీ సులువుగా లేచేది. అడుగులను, ఈకలను మసకచీకట్లోనే చీపురు ఎత్తుకుపోయేది.

కాని ఇది గ్రామసేవక్ కళ్లారా చూడాలి. అతనికి కబురు పంపాం. పొద్దు పైకెక్కుతున్నా రాలేదు. సాంపి లేని వాకిలిని చూసి వీధంతా గోడ చుట్టూ మూగింది. గాలి లేచి అడుగుల అంచులు రాలుతుంటే నేను గంపలు తెప్పించి వాటి మీద బోర్లించాను. లచ్చవ్వ తలెత్తడం లేదు. మల్లవ్వే గడి ముందు కాపలా కాసే దర్వాన్‌లా గోడ దగ్గర కూర్చుంది.

“ఎవలు సావలే. నీ పని జూస్కో పో. ఏందిరో, పీనుగ లేదంటె గంత రంది పడ్తవ్?”

చివరికి గ్రామసేవక్ వచ్చాడు. గంపలు ఒక్కొక్కటే ఎత్తి చూపించాను. మూల దగ్గర వంగి వెంట్రుకలను వేళ్ల మధ్య నలిపి చూశాడు. “అఫీసరుకు నేనే చెప్త అవ్వా” అని, నావైపు తిరిగి, “మెష్ ఇంకొంచెం తెప్పిస్త సారూ” అన్నాడు.

ఆ మెష్‌తో ఏప్రన్ వేశాం. కంచె మొదట్లో మెష్‌ను బయటివైపు మడిచి, నేలలో పరిచి, మట్టి కప్పి రాళ్లు పెట్టడాన్ని ఏప్రన్ అంటారు. తవ్వే జంతువు కంచె మొదట్లోనే తవ్వుతుంది. గోళ్లకు తీగ తగిలితే వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. ఆ తరువాత లచ్చవ్వ కోడి ఒక్కటీ పోలేదు.

తరువాత జైనూర్, ఇచ్చోడ వైపు బదిలీ మీద వెళ్లినప్పుడు కూడా, కోళ్లు పోతున్నాయని ఎవరు పిలిచినా నేను మొదట అడిగింది ఒక్కటే: “రేపు వాకిలి ఊడవకుండా ఉంచుతారా?” ఇల్లు ఎంత శుభ్రమైతే దొంగ జాడ అంత త్వరగా చెరిగిపోతుందని నాకు నేర్పింది ఆ వాకిలే.

ఆ రోజు గ్రామసేవక్ వీధి మలుపు తిరిగాడో లేదో, మల్లవ్వ తన ఇంట్లోంచి పేడ కలిపిన నీళ్ల బిందె తెచ్చింది. లచ్చవ్వ లేవబోతే “కూసో” అని కసిరింది. గోడ మొదలు గడప దాకా తానే సాంపి చల్లింది.