సున్నా చెయ్యని కౌంటరు

మా ఆఫీసులో ఆమెను అందరూ పెద్దమ్మ అంటారు. ఏళ్ల తరబడి ఒక డేటాబేసును కనిపెట్టుకుని ఉంది. పేరు చెబితే దాని విలువ తెచ్చిచ్చే సాదా డేటాబేసు అది. ఈమధ్య నత్తనడక నడుస్తోంది. "తప్పెక్కడుందో సోమవారానికల్లా తేల్చండి. తేలకపోతే దీన్ని తీసేసి వేరేది పెడదాం" అన్నాడు మేనేజరు.

అడిగినవి డేటాబేసుకు చేరవేసే నెట్‌వర్క్ కోడుదే తప్పని పెద్దమ్మ అంటుంది. ఆ కోడు రాసిన కుర్రాడు, మేమంతా బక్కోడనే వాడేమో, తప్పు డేటాబేసుదేనంటాడు.

"నీ ముసలిది కాళ్లీడుస్తోంది పెద్దమ్మా, ఒప్పేసుకో."

"నోర్ముయ్‌రా. కొలిచాక మాట్లాడదాం."

ఏ పనికి ఎంతసేపు పడుతోందో కొలిచే కౌంటర్లు రాయడానికి కూర్చుంది. డేటాబేసు లోపల పనిని పంచుకుని ఒకేసారి నడిచే థ్రెడ్లన్నిటికీ కలిపి ఒకటే కౌంటరు పెడితే, అవన్నీ దాని దగ్గరే క్యూ కడతాయి. కొలవబోయి ఇంకా ఆలస్యం చేసినట్టవుతుంది. అందుకని ఏ థ్రెడ్ లెక్క ఆ థ్రెడ్ దగ్గరే ఉండేలా రాసింది. మెడ పట్టేసింది. కళ్లు మండుతున్నాయి. భర్త ఫోను చేశాడు.

"వస్తున్నావా, అక్కడే పక్కేశావా?"

"మాట్లాడే ఓపిక లేదండీ. మీరు తినేయండి."

మొదటి అంకెలు వచ్చాయి. నెట్‌వర్క్ కోసం ఆగిన సమయమే కొండంత ఉంది. బక్కోడి మొహం మాడిపోయింది. పెద్దమ్మ మేనేజరుకు పంపబోయి ఆగింది. ఒక రిక్వెస్టుకు, అంటే డేటాబేసును అడిగిన ఒక్క పనికి, మొత్తం పట్టిన సమయం కన్నా, అందులో నెట్‌వర్క్ కోసం ఆగిందే ఎక్కువగా ఉంది. అదెలా కుదురుతుంది?

మళ్లీ కోడంతా చదివింది. థ్రెడ్ ఒక రిక్వెస్టు ముగించి ఇంకోటి అందుకునేటప్పుడు, కౌంటర్లన్నీ సున్నా చెయ్యాలి. చివర్లో, ఒళ్లు తెలియని అలసటలో చేర్చిన నెట్‌వర్క్ కౌంటరొక్కదాన్నే మరిచింది. పాత రిక్వెస్టుల బరువంతా కొత్తదాని నెత్తిన పడుతోంది.

సరిచేసి నడిపింది. నెట్‌వర్క్ కోసం ఆగింది దాదాపు ఏమీ లేదు. ఆలస్యమంతా డేటాబేసు లోపలే. ఒకటి రాస్తుండగా ఇంకోటి చొరబడకుండా కోడులో తాళం వేస్తారు; రాయడానికి వచ్చిన ప్రతి థ్రెడూ అలాంటి ఒకే తాళం దగ్గర పడిగాపులు కాస్తోంది. ఆ తాళం పెట్టింది పెద్దమ్మే.

"ఇందాకటి అంకెలే పంపేస్తే నీ మీదికి వచ్చేది కాదుగా" అన్నాడు బక్కోడు, నవ్వకుండా.

"పంపితే రేపు నీ కోడు పీకి పారేసేవాళ్లు. డేటాబేసు మాత్రం ఇలాగే కాళ్లీడుస్తుండేది."

తప్పు తన తాళంలోనే ఉందని మేనేజరుకు రాసి పంపింది. వెంటనే జవాబు: "తేలిందిగా. తీసేయొద్దులెండి. బాగుచెయ్యండి."

సంతోషించే ఓపిక కూడా లేదామెకు. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి, ఆ తాళమున్న ఫైలు తెరిచింది. బక్కోడు తన కుర్చీ పక్కకు లాక్కొచ్చాడు.

"కాస్త జరుగు పెద్దమ్మా, నాకూ కనబడనీ."