గోడలో మా దూలం

ఒక్క మాట. ఇన్నేళ్ళుగా అది నా కడుపులో బండలా ఉంది. తింటాను, నవ్వుతాను, పొలానికి పోతాను, పెళ్ళిళ్ళకు పోతాను, అది మాత్రం కదలదు. ఇప్పుడు దాన్ని మీ ముందు పెడుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళైతే తిడతారు, లేదంటే అయ్యో పాపం అంటారు. నాకు రెండూ గిట్టవు. మీరు కూడా నన్ను ఓదార్చే పని పెట్టుకోకండి.

కళ్యాణదుర్గంలో బస్సు మారి ఇంకా లోపలికి పోవాలి మా ఊరికి. శెనక్కాయ పండించే మెట్ట. పండిస్తే. నేను చెప్పేది రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, వరసగా వానలు ఎగ్గొట్టిన కాలం సంగతి. మాకు పొలం ఉండేది, పేరు ఉండేది, ఇంట్లో గింజలు ఉండేవి కావు. మా ఆయన బెంగళూరుకు కూలికి పోయాడు. ఊళ్ళో మాత్రం ఎవరో తెలిసినాయన పనిలో పెట్టాడని చెప్పుకున్నాం. పెద్ద రైతులం కదా, కూలి అని ఎలా చెప్పుకుంటాం?

పక్కిల్లు రత్నమ్మది. ఆమె భర్త నాగరాజు పట్టుచీరలు నేసేవాడు. ధర్మవరం షావుకారు పట్టు ఇస్తాడు, ఈయన ఇంట్లో గుంట మగ్గం మీద నేసి ఇస్తాడు. కరువు వచ్చినా వాళ్ళ మగ్గం ఆగలేదు. పొద్దున లేస్తే టకటకమని ఆ చప్పుడే. ఆ చప్పుడు వింటే నాకు ఒళ్ళు మండేది. ఎందుకు మండాలి? వాళ్ళు మా సొమ్ము తినలేదే. పైగా ఒకరోజు రత్నమ్మ చేటలో రాగిపిండి పోసుకుని, వీధిలో నలుగురూ చూస్తుండగా, "అక్కా, ఇది పెట్టుకో, మళ్ళ చూసుకుందాం లే" అని మా గడపలో పెట్టి పోయింది. ఆ పిండితో సంగటి చేసుకుని తిన్నాను. తింటూనే ఆమెను తిట్టుకున్నాను. నిజం చెబుతున్నాను, ఆమె మీద నాకు పగ పుట్టింది ఆ సంగటి ముద్దతోనే.

రెండిళ్ళూ మట్టి మిద్దెలే, దూలాల మీద మట్టి పరిచిన కప్పు. మధ్యలో ఒకే గోడ. రాళ్ళు, మట్టి కలిపి కట్టింది. ఆ గోడ వాళ్ళది. మా నడింటి దూలానికి ఒక తల మాత్రం ఆ గోడలోకి దిగి ఉంటుంది. కొత్త కోడలిగా ఆ గోడకు ఎర్రమట్టి పూస్తుంటే మా అత్త చెప్పింది. మా మామ ఇల్లు కట్టుకునేటప్పుడు నాలుగో గోడకు రాళ్ళు చాలక దిగులుగా నిలబడితే, నాగరాజు వాళ్ళ నాయన చూసి, "ఏమప్పా, మా గోడ లేదా? నీ దూలం దాని మీద పెట్టుకో" అన్నాడట. కాగితం లేదు, సాక్షి లేడు. "ఆ మేలు మరవద్దు" అంది అత్త. మా ఆయన పుట్టకముందు మాట అది. అత్త పోయాక మా ఇంట్లో ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

మట్టి మిద్దె కింద పట్టు నేయడం కష్టం. పైనుంచి మట్టి రాలుతుంది. నాలుగు చినుకులు పడినా బురదనీళ్ళు కారి చీర మీద పడతాయి. అందుకే నాగరాజు మిద్దె విప్పి బండలు పరచాలనుకున్నాడు. తాడిపత్రి బండలు లారీలో వచ్చి వీధిలో దిగాయి. గోడలు కదిలించకుండా పైకప్పు మాత్రం మార్చుకునేవాళ్ళకు పెద్ద ప్లానులు అక్కర్లేదు అప్పట్లో. పంచాయతీలో అర్జీ ఇచ్చి, ఇంటిపన్ను కట్టిన రసీదు చూపిస్తే చాలు. గోడ ఉమ్మడిదైతే మాత్రం పక్కింటివాళ్ళ ఒప్పుదల కావాలి. వాళ్ళు అర్జీ ఇచ్చారు. కానివ్వండి, వచ్చి చూస్తానన్నాడు సెక్రెటరీ. మిద్దె విప్పేశారు.

ఆ మట్టి దుమ్మంతా మా ఇంట్లోకి. కడిగిన గిన్నెల మీద, ఆరేసిన బట్టల మీద. మా మిద్దె మాత్రం ఎలుకలు తొవ్వి, రోజూ నా నెత్తిన ఇంత మట్టి పోస్తూనే ఉంది. పొలం ఉన్న మేము మట్టి కింద, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని బతికేవాళ్ళు బండల కింద. ఇంత నీచంగా అనుకున్నానా? అనుకున్నాను. అక్షరం తేడా లేకుండా ఇలాగే అనుకున్నాను.

సెక్రెటరీ చూడడానికి వచ్చిన రోజు చీపురు చేత్తోనే వీధిలోకి వచ్చాను.

"సార్, ఆ గోడలో మా దూలం ఉండాది. మమ్మల్ని ఒక మాట అడగకుండానే మిద్దె విప్పినారు. అడిగేవాళ్ళు లేరనా?"

ఆయన గోడను చూశాడు, నన్ను చూశాడు. "గోడ ఎవరిదమ్మా?"

"మాదే సార్" అంది రత్నమ్మ. "మా మామ కట్టించినాడు. కావాలంటే అక్కనే అడగండి. కోపమొస్తే ఎన్నైనా తిడతాది గానీ, అబద్ధం చెప్పే మనిషి కాదు."

అలా అని నా వైపు తిరిగి నవ్వింది. ఆ నవ్వు చూసి ఆగి ఉండాల్సింది. నాకు ఇంకా మండింది. నా మంచితనానికి కూడా ఈమే హామీ పడాలా?

"ఉమ్మడిది సార్" అన్నాను.

"ఏమక్కా!"

"ఏమంటే ఏం చెప్పేది? ఉమ్మడిది కాకుంటే మా దూలం మీ గోడలోకి ఎట్లొచ్చినాది?"

నోటిమాట మీద ఇచ్చినదానికి రత్నమ్మ కాగితం ఎక్కడినుంచి తెస్తుంది? వాళ్ళ మామ చేసిన మేలే మాకు సాక్ష్యం అయింది. సెక్రెటరీ గోడలో దూలం తలను ఒకసారి తట్టి చూసి, "ఉమ్మడి గోడైతే ఈయమ్మ సంతకం లేకుండా పైకప్పు ముట్టుకోకూడదు. అంతవరకు పని ఆపండి" అని వెళ్ళిపోయాడు.

నాగరాజు మా గడప దగ్గరికి వచ్చాడు. ఒకసారి కాదు. "ఒక్క సంతకమమ్మా, మీకేం పోతాది?" అన్నాడు. మా ఆయన రానీ చూద్దాం అన్నాను. మా ఆయనకు కబురు పంపలేదు. ఊళ్ళో పెద్దమనుషులు కూడా వాళ్ళ కోసం నోరు విప్పలేదు. మేము ఊరికి కావలసినవాళ్ళం, వాళ్ళ బండలు వీధికి అడ్డం. వాళ్ళు దూలాల మీద టార్పాలిన్ పట్టలు కట్టుకుని, వాటి కిందే మగ్గం నడిపారు. వాన వస్తే ఎలా అని నేను అనుకోలేదా? అనుకున్నాను. వెంటనే, మా ఊళ్ళో వాన ఎక్కడిది అని కూడా అనుకున్నాను. మా పొలంలో శెనక్కాయ వాడిపోతుంటే ఆ వాన కోసమే పొద్దునా సాయంత్రం దేవుడికి మొక్కుకున్నాను. పక్కింటి మిద్దె ఆపించి, వాన కురిపించమని మొక్కుకున్నదాన్ని నేను.

వచ్చింది. ఒక మధ్యాహ్నం గాలి లేచి, మబ్బు కమ్మి, ఆగకుండా కురిసింది. ఊరు ఊరంతా వీధిలోకి వచ్చి తడిసింది. నేనూ తడిశాను. చేతులు చాపి నవ్వాను. పట్టలు ఎప్పుడు లేచిపోయాయో చూడలేదు. సాయంత్రం దాకా కురిసింది. కప్పు లేని గోడ పైనుంచి నీళ్ళు తాగి తాగి, వాళ్ళకు అవతలి వైపు ఉన్న గోడ దబ్బున కూలింది. మగ్గం మీద పట్టు పాడవుతుందని నాగరాజు దాన్ని విప్పుతూ కూర్చుని ఉన్నాడు. రాళ్ళు అతని కుడి చేతి మీద పడ్డాయి.

చేయి ఉంది. వేళ్ళు ముడుచుకోవు. పోగు దాటించే నాడె చేత పట్టలేనివాడు ఏం నేస్తాడు? వాళ్ళు ఇల్లు అలాగే వదిలి ధర్మవరం పోయారు. రత్నమ్మ అక్కడ వేరే వాళ్ళ మగ్గాలకు దారం కండెలు చుట్టే పనికి కుదిరిందని విన్నాను. మా ఆయన వచ్చి, "ఆ గోడ ఉమ్మడిదేనా?" అని అడిగాడు. "మీ అమ్మే చెప్పింది" అన్నాను. చచ్చిపోయిన మనిషి నోట్లో కూడా నా అబద్ధం పెట్టాను.

ఇక్కడితో అయిపోయి ఉంటే బహుశా దాచుకునేదాన్నే. కొన్నేళ్ళకు మా మట్టి మిద్దె కూడా విప్పాల్సి వచ్చింది. కొత్త సెక్రెటరీ కూడా అదే అన్నాడు, పాత కాగితాల్లో ఉమ్మడి గోడ అని ఉంది కాబట్టి పక్కింటివాళ్ళ ఒప్పుదల కావాలని. వద్దు అన్నాను. ఎందుకు వద్దో చెప్పలేకపోయాను. మా ఆయన ధర్మవరం పోయి అడిగొచ్చాడు. రత్నమ్మ బస్సెక్కి తనే వచ్చింది. తల నెరిసింది. మా అరుగు మీద కూర్చుని నేనిచ్చిన నీళ్ళు తాగింది.

"గోడ ఎవరిదమ్మా?" అని అడిగాడు ఆ సెక్రెటరీ.

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఉమ్మడిది సార్. అక్క ఆ పొద్దే చెప్పినాది."

సంతకం పెట్టింది. చెంబు నా చేతికిచ్చి, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయింది. నా జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చి ఉంటే ఎంత బాగుండేది! తిట్టి ఉంటే నేనూ తిట్టేదాన్ని. తిట్టడంలో నన్ను మించినవాళ్ళు ఊళ్ళో లేరు. ఆమె నన్ను వదిలేసిందా, కొట్టిందా? ఇప్పటికీ తేల్చుకోలేను. ఒక్కోసారి ఆమె మీద మళ్ళీ కోపం వస్తుంది, సిగ్గు లేకుండా.

ఇప్పుడు మాది బండల మిద్దె. మట్టి రాలదు, నీళ్ళు కారవు. మధ్యాహ్నం పడుకుంటే ఆ గోడ నా పక్కనే ఉంటుంది. మీకు చెప్పినంత మాత్రాన నాగరాజు వేళ్ళు ముడుచుకోవు, నాకు తెలుసు. ధర్మవరం పోయి ఆమె ముందు ఇదంతా చెప్పే ధైర్యం లేదు, రాదు కూడా. కానీ ఒక్కసారైనా, ఎవరో ఒకరి ముందు, ఆ రోజు అడిగినదానికి జవాబు చెప్పాలి.

గోడ ఎవరిదమ్మా అని అడిగినారు కదా.

వాళ్ళది సార్. మొత్తం వాళ్ళదే.